ఫిడేలు పెట్టె మీద పేరు

ఆ చర్చిలో పేరు లేని వస్తువు లేదు. పర్చూరుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఎవరు పోయినా, ఉన్నవాళ్లు చర్చికి ఏదో ఒకటి ఇవ్వాలి, దాని మీద పోయినవాళ్ల పేరు తెల్ల పెయింటుతో రాయించాలి. గోడ గడియారం మీద ఒక పేరు, మైకు స్టాండు మీద ఒక పేరు, బీరువా తలుపు మీద రెండు పేర్లు. ఆఖరికి ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లే. తిరిగినంతసేపూ అవి కనపడవు గనక, ఫ్యాన్లు ఇచ్చినవాళ్లు ఆరాధన మధ్యలో కరెంటు పోవాలని లోలోపల ప్రార్థన చేస్తారని ఊళ్లో వేళాకోళం. వేళాకోళమే గానీ అబద్ధం మాత్రం కాదు.

అలాంటి చర్చిలో ఆ ఆదివారం, కొత్తగా గోడకు తగిలించిన పెద్ద టీవీ తెర మీద ఫిడేలు పెట్టె బొమ్మ పడింది. అందరూ ఆహా అన్నారు. రెబెకా మాత్రం తన తల్లి పేరు కోసం వెతికింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. లేదు.

ఫిడేలు పెట్టె అనేది ఆ ఊరు పెట్టుకున్న పేరు. మద్రాసు రికార్డింగు హాళ్లలో దాన్ని స్ట్రింగ్ మెషిన్ అనేవాళ్లట. మీటలు హార్మోనియం మీటల్లాగే ఉంటాయి. నొక్కితే మాత్రం పాతికమంది ఫిడేళ్లు పట్టుకుని ఒక్కసారిగా లాగినట్టు మోగుతుంది. అక్కడ పాతబడి మూలన పడేసినదాన్ని రెబెకా చిన్నప్పుడు చర్చికి తెచ్చారు. దాని ముందు చెక్క మీద ‘సంఘపెద్ద తోమాగారి భార్య కొండమ్మ జ్ఞాపకార్థం’ అని రాసి ఉండేది. తల్లి పోయేనాటికి రెబెకా ఏడో క్లాసు. నిజం చెప్పాలంటే ఆమెకు తల్లి ముఖం కంటే ఆ అక్షరాలే బాగా గుర్తు. పెద్దయి బడిలో టీచరైంది, ప్రతి ఆదివారం తనే ఆ పెట్టె ముందు కూర్చుని వాయించింది. ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటే ఓర్చుకునే మనిషి కాదు.

ఇప్పుడు ఆ కుర్చీలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రకాష్ కూర్చున్నాడు. అదే సంఘం కుర్రాడు, మంగళగిరిలో కంప్యూటరు ఉద్యోగం, పాత వాయిద్యాలను సాఫ్ట్‌వేరుగా మార్చడం అతని పిచ్చి. మిరపకోతలప్పుడు సెలవు పెట్టుకుని వచ్చి, "అక్కా, పెట్టె ముసల్దయింది. సగం మీటలు మొండికేస్తున్నాయి. పూర్తిగా పోకముందే దాని గొంతు రికార్డు చేసి పట్టుకుందాం" అన్నాడు. రెబెకా సంబరపడింది. డాక్టరు రక్తం తీసేది వైద్యం చెయ్యడానికే గదా అనుకుంది. కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి, ఆ ఉక్కలో ఒక్కో మీటా నొక్కి, అతను తల ఊపేదాకా కదలకుండా పట్టుకుంది. చెమట కళ్లల్లోకి కారినా తుడుచుకోలేదు. మధ్యాహ్నం గోంగూర వేసి కోడికూర వండి పెట్టింది. వాడు తృప్తిగా తిని, పెట్టెను నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని పోయాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి తిన్నప్పుడు ఎవరు గుర్తుపడతారు?

తెర మీద బొమ్మలో అన్నీ ఉన్నాయి. చెక్క మీద గీతలున్నాయి. చప్పుడు పెంచే మర, విరిగిన అంచుతో సహా ఉంది. ఎవడో మద్రాసు వాయిద్యగాడు సిగరెట్టు ఆనించి కాల్చిన నల్లమచ్చ కూడా ఉంది. పైగా ‘వయసు’ అని రాసి కొత్త మర ఒకటి పెట్టాడు. దాన్ని తిప్పితే శ్రుతి సన్నగా వణుకుతుంది, పాత పెట్టెకున్న బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది. ముసలితనమంటే అంత ముచ్చట! పేరు ఉండాల్సిన చోట మాత్రం నున్నటి చెక్క. అసలు పెట్టె వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీల కింద పడి ఉంది.

ఆరాధన ముగియగానే రెబెకా చర్చి మెట్ల దగ్గర అతన్ని నిలేసింది.

"ఒరేయ్ ప్రకాషూ, మా అమ్మ పేరేదిరా?"

"ఫోటోలో బాగోలేదని తీశానక్కా."

"సిగరెట్టు మచ్చ బాగుందా? ఆ మచ్చ పనికొచ్చింది, మా అమ్మ పనికిరాలా? నా చేతి కూడు తిని నాకే ఈ పని చేస్తావా?"

జనం చుట్టూ మూగారు. ప్రకాష్ తలెత్తి చూశాడు. అప్పుడతని ముఖంలో మొహమాటం లేదు.

"మచ్చ నిజమక్కా. పేరే అబద్ధం. ఆ పెట్టె మీ నాయన ఇచ్చింది కాదు. పిడికెడు బియ్యంతో కొన్నది. మా అమ్మ చచ్చేదాకా చెప్తానే ఉంది. అందరూ పోగేస్తే మీ నాయన పెద్దరికం చేసి పెళ్లాం పేరు రాయించుకున్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు. నమ్మకపోతే పోయి ఆయన్నే అడుగు."

పిడికెడు బియ్యమంటే ఆ చుట్టుపక్కల చర్చిల్లో తెలియనివాళ్లు లేరు. పొద్దునా సాయంత్రం ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి విడిగా ముంతలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ ముంతలన్నీ చర్చికి చేరతాయి, ఆ బియ్యం అమ్మిన డబ్బుతో చర్చికి కావాల్సినవి కొంటారు.

రెబెకా చెయ్యి లేచింది. పాస్టరుగారు అడ్డం రాకపోతే ఆ చెంప పగిలేదే.

"దేవుని మందిరం ముందు ఇదేంటమ్మా?" అన్నాడాయన. "వచ్చే ఆదివారం ఈ కొత్తదానికి ప్రతిష్ఠ ప్రార్థన. ఆ తర్వాత పాతది పాతసామాన్ల బండికి వేసేద్దామని కమిటీ అనుకుంది. ఈలోపు మీలో మీరు తేల్చుకోండి." తగువుల్లోంచి తప్పుకోవడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు.

పెట్టెను ఇంటికి తెచ్చుకునే దారి లేదు. దేవుడికిచ్చినది వెనక్కి తీసుకోకూడదు. అది బండెక్కితే తల్లి పేరు కూడా దానితోపాటే ఇనుముకు పోతుంది. కొత్తదాని మీద ఆ పేరు ఎక్కించాలి. అంతకంటే రెబెకాకు ఇంకేమీ పట్టలేదు. కానీ ముందు ప్రకాష్ చెప్పిన అబద్ధాన్ని తుంచెయ్యాలి. నేరుగా తండ్రి దగ్గరికి వెళ్లింది.

తోమా వసారాలో మంచం మీద కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. విన్నాడు. తొణకలేదు.

"బియ్యం వాళ్లదే. అయితే ఏంది? మద్రాసు పోయింది నేను. బేరమాడింది నేను. లారీలో దాని పక్కన కూర్చుని తెచ్చింది నేను."

"మరి అమ్మ పేరెందుకు రాయించావు నాయనా?"

"మీ అమ్మ పోయి అప్పటికి నెల కాలా. అందరి పేర్లూ రాయడానికి అదేమన్నా గోడా? ఒక్క పేరే పడుద్ది. మీ అమ్మది పడింది."

"వాళ్లు ఊరుకున్నారా?"

"ఊరుకోక ఏం చేస్తారు? చచ్చిపోయిన మనిషి పేరు చెరపమని ఎవురంటారే పిచ్చిదానా?" అని నవ్వాడు. ఆ నవ్వులో గెలుపు ఇంకా పచ్చిగానే ఉంది.

పుట్టి బుద్ధెరిగాక తండ్రి మీద అంత అసహ్యం ఆమెకు ఎన్నడూ కలగలేదు. అంతకంటే ఘోరమేమిటంటే, పేరు పోకూడదన్న పంతం ఆమెలో ఆవగింజంత కూడా తగ్గలేదు. దారంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టింది. తెర మీద చోటుకు కరువు లేదు గదా, అందరి పేర్లూ వేయిస్తే సరి, వాటిలో అమ్మ పేరు కూడా ఉంటుంది. ఆ రోజుల్లో ముంతలు పోగేసిన ఆడవాళ్లలో మిగిలింది సంతోషకుమారి ఒక్కతే. ఆమెకు అందరూ గుర్తుంటారు.

సంతోషకుమారి ఇంటి ముందు ఎర్రటి కుప్ప పక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఘాటుకు రెబెకాకు దగ్గొచ్చింది. ముసలామె ఆగమనీ అనలేదు, కూర్చోమనీ అనలేదు.

"అత్తా, బియ్యం సంగతి నిజమేనంట గదా."

"ఇన్నేళ్లకు గుర్తొచ్చిందా టీచరమ్మకి?"

"నాకు తెలీదత్తా, నీ తోడు."

"తెలీదు! నువ్వు పెట్టె ముందు కూర్చుంటే మేం నీ వెనకమాలే గదా పాడింది. ఒక్కనాడన్నా తిరిగి, ఇది ఎట్టా వచ్చిందే అని అడిగావా? అడిగితే కుర్చీ కదులుద్దని భయం."

రెబెకా ఆ మాటను మింగింది. "అందరి పేర్లూ చెప్పత్తా. నీది ముందు వేయిస్తా."

సంతోషకుమారి చేతిలోని కాయను కుప్పలోకి విసిరింది.

"నా పేరు ఎక్కడా వెయ్యబాక. ఆ పిడికెడు మిగిలి తీసింది కాదు. పిల్లల కంచాల్లోది తీసింది. మా చిన్నోడు ఇంకాస్త పెట్టమ్మా అని ఏడిస్తే గంజి పోసి పడుకోబెట్టా. దేవుడికని తీశా. నీ చేత పేరు వేయించుకుందామని తీయలా. మీ అమ్మ కూడా మాతో పాటే ముంత తెచ్చేది. దాని పిడికెడు దానిది. మా అందరి పిడికిళ్లూ దాని నెత్తిన ఎందుకు రుద్దారు? అది బతికుంటే మీ నాయన చెయ్యి ఇరగ్గొట్టేది. పో అవతలికి, నాకు పనుంది."

ఆ వారమంతా రెబెకా బడిలో పిల్లల మీద అయినదానికీ కానిదానికీ విరుచుకుపడింది. కోపం తండ్రి మీదో, ప్రకాష్ మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు.

ప్రతిష్ఠ ఆదివారం వచ్చింది. ప్రభు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రొట్టె, దాన్ని ముక్కలు కోసే చాకు, ద్రాక్షరసం పెట్టారు. తోమా ముందు వరుసలో కుర్చీ వేయించుకున్నాడు. పాస్టరుగారు సైగ చేశాడు. ప్రకాష్ ల్యాప్‌టాప్ తెరిచాడు, టీవీ మీద ఫిడేలు పెట్టె వెలిగింది.

నున్నటి చెక్క ఇప్పుడు ఖాళీగా లేదు. ‘ప్రభువునందు నిద్రించిన దీనమ్మ జ్ఞాపకార్థం - కుమారుడు ప్రకాష్’ అని ఉంది. చేత్తో రాసినట్టే తెల్లటి అక్షరాలు. అక్కడక్కడా పెయింటు రాలినట్టు కూడా చేశాడు, ఎన్నో ఏళ్లుగా ఉన్న పేరులాగా.

రెబెకా పైకే నవ్వింది. చర్చంతా ఆమె వైపు తిరిగింది.

"బియ్యం అందరిదీ అన్నావు గదరా," అంది.

"బియ్యం అందరిదే. ఇది నేను చేశాను. నిద్ర మానుకుని కూర్చుని చేశాను. మా అమ్మ పేరు పెట్టుకునే హక్కు నాకు లేదా? ఆ ఆడోళ్లందరి పేర్లూ నాకేం తెలుసు?"

సంఘపెద్ద తోమాయే వయసు తగ్గి జీన్సు ప్యాంటు వేసుకుని నిలబడ్డట్టుంది. దొందూ దొందే. ఆ మీటలు నొక్కిన వేళ్లు నావిరా అనబోయి రెబెకా నోరు మూసుకుంది. అక్కడ మొదలుపెడితే తనూ ఆ వరుసలోనే మూడో మనిషి.

వెనక గదిలోకి వెళ్లింది. కుర్చీలు దడదడా పడ్డాయి. పెట్టెను బరబరా ఈడ్చుకుంటూ వచ్చి బల్ల ముందు నిలిపింది. తెల్లగుడ్డ మీది చాకు అందుకుంది. "అమ్మా, అది ప్రభువు బల్లది!" అని పాస్టరుగారు కేక పెట్టాడు. ఆమె వినలేదు. చెక్క మీద మొదటి అక్షరం కింద చాకు మొన పెట్టి గీకింది.

తోమా లేచాడు. "అమ్మాయ్! ఏం చేస్తన్నావే? అది మీ అమ్మ పేరే!"

"తెలుసు నాయనా."

తండ్రి పేరు సులువుగానే రాలింది. కొండమ్మ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మొరాయించింది. తల్లిదని చూపించుకోవడానికి ఈ లోకంలో ఆమెకున్నది ఆ నాలుగు తెల్లగీతలే. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుస్తూనే గీకింది. చాకు జారి వేలు తెగితే, నెత్తుటి చేత్తోనే మిగతాది గీకింది. చెక్క మీద ఒక్క తెల్లచుక్క లేకుండా చేసి తిరిగింది.

"నాకు చాకు కావాల్సొచ్చింది. నీకు ఒక్క నొక్కు చాలు. తియ్యరా."

ప్రకాష్ వేలు మీట మీదికి వెళ్లింది. తెర వైపు చూశాడు.

"మా అమ్మ పోయి ఏడాది కూడా కాలేదక్కా," అన్నాడు.

అతను నొక్కలేదు. ల్యాప్‌టాప్ మూసి, వైర్లు పీకి చంకన పెట్టుకుని, పక్క తలుపులోంచి బయటికి నడిచాడు. టీవీ తెర నీలంగా మిగిలింది.

పాస్టరుగారు వాయిద్యం లేకుండానే పాడదామన్నాడు. పెట్టె అక్కడే ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. రెబెకా దాని వైపు వెళ్లలేదు. పెద్దయ్యాక మొదటిసారి ఆడవాళ్లు కూర్చునే చాపల మధ్యకు నడిచింది. సంతోషకుమారి పక్కన చోటుంటే కూర్చుంది. ముసలామె ఒక్కసారి తన వైపు చూస్తే చాలనుకుంది. తిట్టినా చాలనుకుంది.

సంతోషకుమారి చూడలేదు. కొంగు దగ్గరికి లాక్కుంది. చాపను కూడా తన వైపు లాక్కుని, కాస్త అవతలికి జరిగి పాట ఎత్తుకుంది. రెబెకా వట్టి బండల మీద మిగిలింది.