కుడికాలి పల్లం

అబ్బులు ఇరవై ఏళ్ళుగా తప్పెటగుళ్ళ దళానికి గురువు. రొమ్మున రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఎగిరాడంటే ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టేది. వాన మొహం చాటేసిన ఏడల్లా నీళ్ళు పారే గెడ్డ పక్కన, గొర్రెలు మేసే మెట్ట మీద ఆడేవారు. ఆ మెట్టనూ ఊరినీ స్టీల్ ప్లాంటు తీసుకుంది. ఇప్పుడు కూర్మన్నపాలెం దగ్గర కాలనీ ఇల్లు, సిమెంటు వాకిలి, ప్లాంటులో ఖలాసీ పని. పని మంచిదే, అన్నం పెడుతోంది. ఆ మాట ఒప్పుకోవాలి మరి!

వచ్చే ఆదివారం కాలనీ పండగ. సిమెంటు వేదిక మీద ఆట. వాకిట్లో ప్రాక్టీసు చేస్తూ అబ్బులు మూడోసారి తూలి పడ్డాడు. కాలనీకి వచ్చాకే ఆట నేర్చిన మేనల్లుడు గవర్రాజు చెయ్యిచ్చి లేపాడు.

"మాఁవా, నీ మోకాళ్ళు పోనాయి. ఈపాలి దళం ముందు నాను నిలబడతాను. నువ్వు కూకుని సూడు."

అబ్బులుకి ఒళ్ళు మండింది. "నా మోకాళ్ళకేటయిందిరా? రోజూ ఇనప దూలాలు మోస్తన్నాను!" అన్నాడు గానీ, లోపల బెదిరాడు. ముందు నిలబడ్డం కూడా పోతే తనకింక మిగిలిందేమిటి?

గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తున్న పెళ్ళాం కాసులమ్మ తలెత్తింది. "ఓలమ్మ! మోకాలు కాదర్రా. కుడికాలు పల్లానికి దింపుతన్నాడు. ఇక్కడ పల్లం ఏదీ?"

నిజమే. మెట్ట గెడ్డ వైపు వాలి ఉండేది. చిన్ననాటి నుంచీ అక్కడ ఆడిన కాలు ఇంకా బెత్తెడు కిందే నేలను వెతుక్కుంటోంది. సిమెంటు ముందే తగిలి మనిషిని తోసేస్తోంది.

"ఇంతేనా! నాలుగ్రోజులు సదునులో ఆడితే సరి," గవర్రాజు నవ్వాడు.

నాలుగు రోజులెందుకు, రెండో సాయంత్రానికే కాలు దారిలో పడింది. దళం ఈలలు వేసింది. అబ్బులు మాత్రం గజ్జెలతోనే కాలనీ గోడ అవతలికి పోయి రోడ్డు వాలులో ఎగిరి చూశాడు. కుడికాలు తడబడింది. మళ్ళీ ఎగిరాడు. మళ్ళీ అంతే.

తిరిగొచ్చి తప్పెట విప్పి గవర్రాజు రొమ్మున కట్టాడు.

"ఏటి మాఁవా, బాగానే ఆడినావు కదా!"

"ఆడినానురా. నా కాలు ఆ మెట్టని మర్సిపోతంది. బుల్డోజరు ఎలాగూ సదును సేసీసింది. మిగిలింది నా కాల్లోనే. దాన్ని కూడా సదును సెయ్యమంటావా?"

ఆదివారం దళం ముందు గవర్రాజే నిలబడ్డాడు. చప్పట్లు గోడ అవతలిదాకా వినిపిస్తుంటే అబ్బులు రోడ్డు వాలులో ఒక్కడే ఎగురుతున్నాడు. డ్యూటీ దిగి వస్తున్నవాళ్ళు పిచ్చెక్కిందనుకుని తప్పుకుని పోయారు. ఎన్నోసారికో కుడికాలు సరిగ్గా పల్లంలో దిగింది. అప్పుడు ఏడ్చాడు.