ఆరబెట్టిన సమయం

మా షాపుకు వచ్చే ఎయిర్‌గన్ వాళ్ళందరూ గడప దాటగానే చెప్పే మొదటి మాట ఒకటే. "ఇది నీళ్ళలోకి ఎప్పుడూ దిగలేదండీ." సముద్రంలో మునిగేవాళ్ళ వీపుకు కట్టడానికి తయారైన సిలిండర్‌ను కొనుక్కుని, దానికి చెమ్మ తగలకుండా కాపాడామని నాకు పతకం చూపించినంత గర్వంగా చెబుతారు. వాళ్ళకు కావలసింది అందులోని గాలి మాత్రమే. సన్నటి గొట్టం బిగించి ఆ గాలిని తుపాకీలోకి ఎక్కించుకుని, పది మీటర్ల దూరంలో ఉన్న కాగితానికి చిల్లులు పెడతారు. నీళ్ళలోకి దిగలేదు కాబట్టి తుప్పు పట్టదని, తుప్పు పట్టదు కాబట్టి పరీక్ష అక్కర్లేదని వాళ్ళ వాదన. నేను ఓపికగా వింటాను. విన్నాక సిలిండర్‌లోకి దీపం దించుతాను.

సిలిండర్లు పరీక్షించడం, గాలి నింపడం నా పని. కారు టైరులో ఉండే ఒత్తిడికి వంద రెట్లు వీటిలో ఉంటుంది. అందుకని ఐదేళ్ళకోసారి ఖాళీ చేసి, లోపల చూసి, నిండా నీళ్ళు పోసి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, ఎంత ఉబ్బిందో, తిరిగి ఎంత సర్దుకుందో కొలవాలి. నిలబడితే సిలిండర్ భుజం మీద తేదీ, పక్కన పరీక్షించిన మనిషి నంబరు ముద్ర కొట్టాలి. నా నంబరు నూట పదిహేడు. పని నేర్పింది మా నాన్న, నంబరు ఇచ్చింది తనిఖీ ఆఫీసు. నా పరీక్షలో లోపం వల్ల సిలిండర్ చెడిందని తేలితే ఆ నంబరు తీసేస్తారు, నంబరు పోతే షాపు మూతే. పద్నాలుగేళ్ళలో అలాంటిది ఒక్కటీ లేదు. ఈ సంగతి అడగనివాళ్ళకు కూడా చెప్పే అలవాటు నాకుంది. అందుకే మా బావ, అంటే మా అక్క మొగుడు, నన్ను పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు.

"నూట పదిహేడు గారూ! ఖాళీగా ఉన్నారా, ఎవరినైనా తిడుతున్నారా?"

శుక్రవారం పొద్దున్నే పసిబిడ్డను ఎత్తుకున్నట్టు సిలిండర్‌ను ఎత్తుకుని వచ్చాడు. బావ ఎయిర్‌గన్ క్లబ్బుకు కార్యదర్శి. ఆదివారం వాళ్ళ పోటీ. క్లబ్బుకున్న పెద్ద సిలిండర్ ఇదొక్కటే, పోటీకి వచ్చే తుపాకులన్నీ దీని గాలితోనే నిండాలి. నింపేది మా అక్క కూతురు. క్లబ్బులో అందరికన్నా బాగా కాల్చేదీ అదే, సిలిండర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒత్తిడి చూపే గేజీలోకి తొంగి చూస్తూ ఉండేదీ అదే.

సిలిండర్‌కు కొత్తగా నీలం రంగు వేయించాడు. మధ్యలో క్లబ్బు గుర్తు, చుట్టూ బంగారు గీత.

"ఎలా ఉంది?" అన్నాడు.

"చూడముచ్చటగా ఉంది బావగారూ. ముద్ర ఏది?"

"రంగు కింద ఉంటుంది."

"రంగు కింద ఉంటే నాకెలా కనబడుతుంది?"

"నువ్వు కొట్టిన ముద్రే కదా, ఆ మాత్రం గుర్తుండదా?"

నేను గీకుడు కత్తి తీశాను. బావ తన చర్మం గీకుతున్నట్టు మొహం పెట్టాడు. మూడు పూతల కింద ముద్ర దొరికింది. గడువు దాటి రెండు నెలలు.

"రెండు నెలలేగా! పాలా ఏంటి, విరిగిపోవడానికి?"

"పాలు విరిగితే పారబోస్తాం. ఇది పగిలితే మనల్ని ఏరుకోవాలి."

"మరదలా, ఇది నీళ్ళలోకి..."

"దిగలేదు. తెలుసు."

బావ కాసేపు నిప్పులు తొక్కిన కోతిలా గది అంతా తిరిగాడు. తర్వాత ఎందరో వాడి అరగదీసిన బెదిరింపు బయటికి తీశాడు. "నువ్వు కాదంటే కళ్ళజోడు నింపుతాడు." కళ్ళజోడు అంటే మా వీధి చివర గాలి నింపే పెద్దమనిషి. కళ్ళజోడు ఉంది కానీ అది ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది. ముద్ర, తేదీ లాంటి చిన్న విషయాలతో ఆయన ఎవరినీ ఇబ్బంది పెట్టడు.

"నిక్షేపంగా నింపించుకోండి. ఆదివారం దాని పక్కన కూర్చునేది కళ్ళజోడు కాదు, మన పిల్ల. అది గుర్తుంటే చాలు."

బావ కుర్చీలో కూర్చున్నాడు.

వాల్వు కొద్దిగా తిప్పి గాలి వదిలాను. ఖాళీ కావడానికి చాలాసేపు పట్టింది. ఆ బుస వింటూ బావ తన సిలిండర్ గుణగణాలు చెప్పుకొచ్చాడు. ఈ షాపులో తప్ప ఇంకెక్కడా నింపించలేదట. గేజీ ముల్లు యాభై కిందికి ఎప్పుడూ దిగనివ్వలేదట, అలా దిగితే బయటి తడి గాలి లోపలికి వస్తుందని మా నాన్న చెప్పాడట. నేల మీద పెట్టకుండా చెక్క మీద నిలబెట్టి, దుప్పటి కప్పాడట.

"రాత్రిపూట జోకొట్టారా?" అన్నాను.

"నవ్వు, నవ్వు. లోపల చూశాక నువ్వే నోరు మూస్తావు."

వాల్వు ఊడదీసి, సన్నటి కడ్డీ చివరి దీపాన్ని లోపలికి దించాను. చూశాను. తర్వాత సిలిండర్‌ను తెల్లటి రేకు పళ్ళెం మీదికి తలకిందులు చేశాను. రెండు చెంచాల ఎర్రటి నీళ్ళు, వాటి వెనకాలే తుప్పు పెచ్చులు పడ్డాయి. అడుగున నా చిటికెన వేలి గోరు పట్టేంత గుంటలు.

బావ పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ సమయంలో జాలిపడే మనుషులుంటారు, నేను ఆ జాతి కాదు. "ఇది నీళ్ళలోకి దిగలేదు, నిజమే. పాపం నీళ్ళే దీనిలోకి దిగాయి" అని మొదలుపెట్టి, దుప్పటిని, చెక్కను, బంగారు గీతను, క్లబ్బును, కార్యదర్శి పదవిని పది నిమిషాలు ఉతికి ఆరేశాను. నూట పదిహేడు గురించి కూడా మరోసారి గుర్తుచేశాను. చాలా బాగా మాట్లాడానని అప్పుడు అనిపించింది కూడా.

"నాకు తెలియకుండా ఎక్కడో తడి తగిలి ఉంటుంది. తప్పు నాదే" అన్నాడు బావ మెల్లగా. "దీని పక్కన నా కూతుర్ని కూర్చోబెట్టాను చూడు. క్లబ్బులో చెప్పేస్తాను. ఇంక కార్యదర్శిగా ఉండనులే. నువ్వు గనక లోపల చూడకపోతే..." అని ఆగి, కళ్ళు తుడుచుకుని, "థాంక్స్ రా" అన్నాడు.

పనికిరాదని రాయడానికి రిజిస్టరు తీశాను. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. 'లోపల నీళ్ళు' అని రాసి, ఆ నీళ్ళు ఎక్కడివని కూడా రాయాలి కాబట్టి కలం ఎత్తి పట్టుకున్నాను. బయటి తడి రావాలంటే ముల్లు సున్నాకు పడాలి, బావ యాభై దగ్గరే ఆపేవాడు. నింపిన గాలిలో తడి ఉండాలంటే ఆ గాలి మా కంప్రెసర్‌ది, దాని ఫిల్టరు నేను నెలనెలా మారుస్తాను, ఆ గాలే నిండిన మిగతా సిలిండర్లు లోపల అద్దంలా ఉన్నాయి. ఇంక మిగిలింది ఒక్కటే. ఈ సిలిండర్ తన జన్మలో నిండా నీళ్ళు తాగింది ఒకేఒక్కసారి, ఈ గదిలో, నా చేతుల మీదుగా.

ఐదేళ్ళ కిందటి పుట తీశాను.

పరీక్ష అయ్యాక నీళ్ళు వంపేసి, సిలిండర్‌ను తలకిందులుగా నిలిపి, అరగంట వేడి గాలి పట్టించాలి. పరీక్షకన్నా ఆరబెట్టడమే పెద్ద పని అనేవాడు నాన్న. 'ఆరబెట్టిన సమయం' అనే గడి ఆయన స్వయంగా స్కేలు పెట్టి గీశాడు. ఆ రోజు ఐదు సిలిండర్లు పరీక్షించాను. నాలుగింటికి ఎదురుగా ముప్పై నిమిషాలు అని ఉంది. అవి పరాయివాళ్ళవి. ఐదోదానికి ఎదురుగా చిన్న గీత, పక్కన రిమార్కుల గడిలో నా గుండ్రటి దస్తూరీ: బావగారు తొందరలో ఉన్నారు.

అంతా గుర్తొచ్చింది. బయట కారులో అక్క హారన్ మోగిస్తోంది, గుమ్మంలో బావ గడియారం చూసుకుంటున్నాడు. నేను సిలిండర్‌ను వంచి, రెండుసార్లు కుదిపి, మనవాళ్ళేగా అనుకుని వాల్వు బిగించేశాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషైతే కుర్చీ చూపించి కూర్చోమనేదాన్ని.

బావ లేచి వెళ్ళడానికి సిద్ధమవుతున్నాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. పాత పుట చూడమని ఎవరూ అడగరు. రిజిస్టరు మూసేస్తే నూట పదిహేడు అలాగే ఉంటుంది, షాపూ ఉంటుంది. రెండు నిమిషాలు నేను నిజంగానే ఆలోచించాను. ఆ రెండు నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"బావా, ఇలా రా" అన్నాను. ఎగతాళికి పెట్టుకున్న 'గారు', 'మీరు' రెండూ ఎటో పోయాయి. "ఈ గీత చూడు."

చదివాడు. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"అంటే నేను జాగ్రత్తగానే ఉన్నాను."

"ఉన్నావు."

"ఐదేళ్ళు దుప్పటి కప్పాను. ఇందాకట్నుంచి దానికే నన్ను తిట్టావు."

"తిట్టాను."

"మా అమ్మాయి దాని పక్కన..." అని గట్టిగా అరిచి, ఆగిపోయి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నన్ను ఏదైనా అంటే బాగుండునని అనిపించింది.

నేను సుత్తి, ఉలి తీసుకున్నాను. పనికిరాని సిలిండర్ మీద ముద్రను కొట్టేయాలి, అది నియమం. నూట పదిహేడు మీద అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు పెట్టాను. కారణం గడిలో 'పోయినసారి పరీక్ష తర్వాత ఆరబెట్టలేదు, తప్పు పరీక్షించినవారిది' అని రాశాను. అదే వాక్యం తనిఖీ ఆఫీసుకు ఉత్తరంగా రాసి, కవరులో పెట్టి, బావ చేతికే ఇచ్చాను పోస్టులో వేయమని.

"నువ్వే చెప్పుకోవాలా?" అన్నాడు.

"నేను కాకపోతే కళ్ళజోడు చెబుతాడా?"

బావ మొహంలోకి మొదటిసారి నవ్వు లాంటిదేదో వచ్చి పోయింది. కవరు జేబులో పెట్టుకుని, "మరి ఆదివారం సంగతి?" అన్నాడు.

షాపు సొంత సిలిండర్ ఒకటి మూల ఉంది, దానికి గడువు దగ్గరపడుతోంది. "నా నంబరు తీసేదాకా నాదే. దీన్ని పరీక్షించి ఇస్తాను, కూర్చుంటావా?" అన్నాను. లోపల చూశాను, శుభ్రంగా ఉంది. బావను కూడా చూడమన్నాను, నాలుగుసార్లు చూశాడు. నీళ్ళు పోసి, ఒత్తిడి పెట్టి కొలిచాను. నిలబడింది. తలకిందులు చేసి వేడి గాలి గొట్టం పెట్టాను.

పది నిమిషాలయ్యాక వీధిలో హారన్ మోగింది. అక్క. ఇంకాసేపటికి మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా. నాకు అలవాటు చొప్పున చెయ్యి గొట్టం వైపు వెళ్ళింది. బావ కుర్చీలోంచి లేవకుండానే కిటికీలోంచి కేక పెట్టాడు.

"ఆరుతోంది! ఆగు!"

అరగంట అయ్యాక దీపం దించి చూసి, ముద్ర కొట్టి, వాల్వు బిగించి, గాలి నింపాను. రిజిస్టరు తీశాను. నూట పదిహేడు కింద ఇదే ఆఖరి వరుస కావచ్చు కాబట్టి కుదురుగా రాశాను. ఆరబెట్టిన సమయం: ముప్పై నిమిషాలు. రిమార్కుల గడి ఖాళీగా వదలబోతుంటే బావ నా భుజం మీదుగా తొంగి చూసి, "అక్కడ కూడా రాయి" అన్నాడు.

రాశాను: బావగారు కూర్చున్నారు.