ఆరో నెలలో సముద్రం

సముద్రంలోకి దిగాలన్న కోరిక గిరిప్రసాద్‌ది కాదు, అతని భార్య రేవతిది. తర్వాత జరిగినది అర్థం కావాలంటే ఈ సంగతిని ముందే చెప్పాలి. పలమనేరు దగ్గర సేద్యపు కుటుంబంలో పుట్టిన రేవతి బడికి పోకమునుపే తోట బావిలో ఈత నేర్చింది. గిరిప్రసాద్ తిరుపతి వీధుల్లో పెరిగినవాడు. మోకాలి లోతుకు మించిన నీటిని ఎరగడు. ఇద్దరూ తిరుపతిలో ఒకే డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పేవారు. ఆమెది వృక్షశాస్త్రం, అతనిది భౌతికశాస్త్రం. పెళ్లయిన మొదటి వేసవిలో ఆ తోట బావిలోనే ఆమె అతనికి ఈత నేర్పింది.

"కాళ్లు కొట్టండి సార్, కాళ్లు! పిల్లకాయలకు ఆర్కిమెడిస్‌ను చెప్తారే, ఆయనొచ్చి మిమ్మల్ని తేల్చడు," అని మెట్ల మీది నుంచి ఆమె వేళాకోళం చేస్తుంటే, గిరిప్రసాద్ నీళ్లు మింగుతూనే నవ్వేవాడు.

2006లో చెన్నైలో స్కూబా శిక్షణ ఇస్తున్నారని పత్రికలో చదివి ఇద్దరి పేర్లూ నమోదు చేయించింది ఆమే. ఆ శిక్షణ రెండు భాగాలు. మొదటిది ఈతకొలనులో, రెండవది సముద్రంలో. రెండూ పూర్తిచేసినవారికే సర్టిఫికెట్ ఇస్తారు. మొదటి భాగం ముగిసిన ఏడాదిలోగా సముద్రంలో దిగకపోతే, నేర్చినదంతా మళ్లీ మొదటి నుంచి నేర్వవలసిందే.

కొలనులో వారిద్దరినీ జోడీగా వేశారు. నీటి అడుగున ఒకరు గాలి అయిపోయినట్టు సైగ చేయాలి. రెండవవారు తన సిలిండరుకున్న అదనపు గొట్టాన్ని అందించాలి. రేవతి గొంతు మీద చేయి అడ్డంగా ఆడించి సైగ చేయగానే, గిరిప్రసాద్ కంగారులో తన నోటిలోని గొట్టాన్నే తీసి ఇచ్చాడు. శిక్షకుడు దామోదరం పుత్తూరు వాడు. పైకి వచ్చాక, "అయ్యా, పెండ్లాం మీద ప్రేముంటే ఇంట్లో సూపించుకో. ఈడ నువ్వు కూడా బతకాల," అన్నాడు. చెన్నై నుంచి తిరిగివచ్చే రైలులో ఆ మాట తలచుకుని రేవతి ఎన్నిసార్లు నవ్విందో.

సముద్రానికి తేదీ కుదుర్చుకునేలోగా ఆమె గర్భవతి అయింది. గర్భిణులను నీటి లోతుకు తీసుకుపోరు. అది శిక్షణలో మొదటే చెప్పిన నియమం. ఆమె ఒక పూట దిగులుపడి, తర్వాత నిర్ణయం తానే చేసింది.

"మీరు పోయిరాండి. మనిద్దర్లో ఒకరన్నా సముద్రం అడుగు సూడాల. మీరొచ్చి చెప్తే నేనూ ఇంటా, లోపలుండేదీ ఇంటాది."

అడ్డంకి గిరిప్రసాద్ తల్లి జ్ఞానాంబ. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు గడ్డం గీసుకోకూడదు, పీనుగను మోయకూడదు, సముద్రంలో మునగకూడదు. ఆమె పుట్టింటా మెట్టినింటా ఈ నియమాన్ని తప్పినవారు లేరు. గిరిప్రసాద్ గడ్డం పెంచాడు. నమ్మి కాదు, తల్లితో వాదించడం కంటే అది సులువు గనుక. సముద్రం సంగతి మాత్రం దాచిపెట్టారు. చెన్నైలో సెమినార్ ఉందని చెప్పమన్నది రేవతే. అతను బయలుదేరేనాటికి ఆమెకు ఆరో నెల.

పడవ మీద దామోదరం అతని ముఖం చూసి తల పట్టుకున్నాడు. మీసం ఉంటే మాస్కు చర్మానికి అతుక్కోదు, సందుల్లోంచి నీళ్లు వస్తాయి. ముందు వాజెలిన్ దట్టంగా పూసి చూశారు. మొదటి మునకలోనే ముక్కుదాకా నీళ్లు నిండాయి. మరునాటి ఉదయం గిరిప్రసాద్ మీసం తీసేశాడు. మీసం లేని గడ్డం అద్దంలో వికారంగా కనిపించడంతో గడ్డమూ తీసేశాడు. ఆ రోజు ఏ ఇబ్బందీ లేకుండా దిగి, పరీక్ష నెగ్గాడు.

ఇంటి తలుపు తీసింది జ్ఞానాంబ.

"గడ్డమేదిరా?"

"సెమినార్లో... అందరూ..."

ఎండకూ ఉప్పునీటికీ కమిలిన అతని ముఖాన్ని ఆమె పరికించింది. "సముద్రానికి పోయినావా?"

అతను చెప్పులు విడుస్తుండగా రేవతి లోపలి నుంచి వచ్చి, "నేనే పొమ్మన్నా అత్తా. ఆయన్నేమనొద్దు," అని నవ్వింది.

"నువ్వు పొమ్మన్నావా తల్లీ," అని జ్ఞానాంబ లోపలికి వెళ్లిపోయింది. కోడలిని ఆమె ఆనాడూ మరి ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఎనిమిదో నెలలో బిడ్డ కదలిక ఆగిపోయింది. మగబిడ్డ. బొడ్డుతాడులో ముడి ఉన్నదని డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి వివరించింది. బిడ్డ చిన్నగా ఉండి, ఉమ్మనీటిలో తిరగడానికి చోటున్నప్పుడు, మూడో నెలలోనో నాలుగో నెలలోనో, అలాంటి ముడి పడుతుంది. పెరిగిన తర్వాత ఎప్పుడో బిగుస్తుంది. ఎవరూ చేసినదీ కాదు, ఎవరూ ఆపగలిగినదీ కాదు. గిరిప్రసాద్ తల ఊపాడు. రేవతి ఆ వివరణను ఆసరాగా పట్టుకుని లేచి తిరిగింది, పాఠాలు చెప్పింది. సముద్రంలో ఏమి చూశారని అతన్ని అడగలేదు. అతనూ చెప్పలేదు.

రెండేళ్లకు మళ్లీ నెల తప్పింది. ఆ వారం నుంచి గిరిప్రసాద్ గడ్డం గీసుకోవడం మానేశాడు. మొదట బద్ధకమనుకున్నది రేవతి. తర్వాత అడిగింది.

"అత్త చెప్పిందా?"

"అమ్మ ఏమీ అనలా."

"మరి?"

"ఉండనీలే రేవతీ. గడ్డముంటే ఏం పోతాది?"

"డాక్టరమ్మ చెప్పేటప్పుడు మీరూ ఆడనే ఉండారు. ముడి పడింది మూడో నెల్లోనో నాలుగో నెల్లోనో. మీరు సముద్రానికి పోయింది ఆరో నెల్లో. ముందు జరిగినదానికి వెనక జరిగింది కారణమవతాదా? ఫిజిక్సు చెప్పేవాళ్లు మీరు."

గిరిప్రసాద్ గడ్డం నిమురుకున్నాడు.

"పడింది ఎప్పుడో చెప్పింది. బిగిసింది ఎప్పుడో చెప్పలేదు కదా," అన్నాడు.

రెండేళ్లుగా ఈ మనిషి ఆ ఒక్క సందులోనే కాపురం ఉంటున్నాడని రేవతికి అప్పుడు తెలిసింది. దాని వెంబడే వచ్చే మాటను ఆమే అన్నది.

"మిమ్మల్ని పొమ్మనింది నేను."

నీది కాదు తప్పు అని అతను అనాలి. అబద్ధంగానైనా అనాలి. అతను చొక్కా గుండీ ఒకటి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"గడ్డం తీసేయండి. నా కోసరం," అన్నది ఆమె.

"బిడ్డ పుట్టినాక," అన్నాడు అతను.

ఆడపిల్ల పుట్టింది. ఆరోగ్యంగా, గట్టి గొంతుతో పుట్టింది. పురిటి మంచం చుట్టూ చుట్టాలు చేరారు. గిరిప్రసాద్ పినతల్లి చంద్రకాంతమ్మ శ్రీకాళహస్తి నుంచి వచ్చి, అతని గడ్డం పట్టుకుని ఊపింది.

"ఇదిరా మగోని లక్షణం! సూడు, నియమం పట్టినావు, బంగారట్లా బిడ్డ దక్కింది. పోయినసారే ఇట్లుండింటే..."

"చంద్రా, ఊరకుండు," అని జ్ఞానాంబ చెల్లెలిని కసిరింది.

గిరిప్రసాద్ అప్పుడు కూడా కాదనలేదు. బిడ్డను గుండెకు హత్తుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. అతను అంత నెమ్మదిగా ఉండడం రేవతి ఈ మూడేళ్లలో చూడలేదు.

ప్రయోగంలో ఒక్క అంశాన్ని మార్చి ఫలితాన్ని చూడమని ఆమె ఏటా విద్యార్థులకు చెబుతుంది. ఆ గదిలో ఉన్నవారి దృష్టిలో ప్రయోగం పూర్తయింది. రెండు గర్భాలకు ఎన్ని కారణాలు ఉంటాయో, ఎన్ని తేడాలు ఉంటాయో ఆమె ఒక్కొక్కటిగా విప్పి చెప్పగలదు. కానీ అవతలి పక్షానికి సాక్ష్యంగా నిలిచినది బతికి ఉన్న ఈ పిల్ల. ఈ పిల్ల పెరిగినకొద్దీ ఆ సాక్ష్యమూ పెరుగుతుంది.

పిల్ల ఏడ్చింది. గిరిప్రసాద్ వంగి, "ఆకలేమో, తీసుకో," అన్నాడు మెల్లగా.

రేవతి చేతులు చాచింది.