నలభై ఏడో బొమ్మ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు పీలమేడులో తిలకవతి అక్క టైపింగ్ అంగట్లో అడుగుపెట్టేసరికి అది నెత్తికెక్కింది. సాయంత్రం ఐదులోపల నా పరిశోధన గ్రంథం యూనివర్సిటీ ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే గడువు తీరి, నీటి పంపుల మీద ఆరేళ్ళు చేసిన పనంతా రద్దవుతుంది.

చేసుకున్నది నేనే. ముందురోజు మా గైడు మూడో బొమ్మ తర్వాత ఇంకో బొమ్మ చేర్చమన్నారు. నంబర్లన్నీ చేత్తో కొట్టినవి. నాలుగునంతా ఐదు చేయమని కంప్యూటరుకు చెప్పాను, తర్వాత ఐదును ఆరు, ఆరును ఏడు. వెనకనుంచి రావలసినదాన్ని ముందునుంచి వెళ్ళాను. కొత్త ఐదూ పాత ఐదూ కలిసి ఆరయ్యాయి, అవన్నీ కలిసి ఏడయ్యాయి. చివరికి నాలుగు నుంచి ప్రతి బొమ్మా నలభై ఏడో బొమ్మే అయి కూర్చుంది. వేరే కాపీ కూడా దాచుకోలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అక్క ఫైలు చూసి నవ్వలేదు. నేను అమ్మతో ఫోనులో తెలుగు మాట్లాడింది విన్నట్టుంది, తమిళం వదిలి తన ఇంటి తెలుగులోనే అడిగింది.

"పాత ప్రింటు ఉండాదా అమ్మణీ?"

గైడు ఎర్ర ఇంకుతో దిద్దిన ప్రింటు సంచిలో ఉంది. పాత నంబర్లన్నీ అందులో ఉన్నాయి.

"అది చూసి నంబర్లు కొట్టియ్యండక్కా, చాలు," అన్నాను.

"నంబరు మనం కొట్టగూడదు. బొమ్మే చెప్పాల."

ఒక్కో బొమ్మ కింద నేను కొట్టిన అంకె చెరిపి, కంప్యూటరే లెక్క వేసుకునేలా శీర్షిక పెట్టింది. తర్వాత పాత ప్రింటు చూసుకుంటూ, ఫలానా బొమ్మ చూడండి అని రాసిన ప్రతిచోటా అంకె తీసేసి, ఆ బొమ్మకే ముడి వేసింది. అలాంటి చోట్లు నూట ముప్పై. పన్నెండయింది, ఒంటిగంటయింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"అంకె కొడితే క్షణం పట్టదు. మీకింత చాదస్తమేమి?" అని అరిచేశాను.

"కూసో. టీ చెప్పినాను," అంది, తెరమీదినుంచి చూపు తిప్పకుండా.

మూడున్నరకు పని ముగిసింది. పావుగంటకే గైడు ఫోను చేశారు. తొమ్మిదో బొమ్మ ఒక కంపెనీ పుస్తకంలోది, వాళ్ళ అనుమతి రాలేదు, తీసేయాలట. తొమ్మిది పోతే వెనకున్న ముప్పై ఎనిమిదీ మారాలి. ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

అక్క ఆ బొమ్మనూ దాని శీర్షికనూ తీసేసింది. పుస్తకం మొత్తం ఎంచుకుని ఒక్క మీట నొక్కింది. పది తొమ్మిదయింది. నలభై ఏడు నలభై ఆరయింది. గ్రంథంలో వాటి పేరెత్తిన ప్రతిచోటా అంకెలు తామే సర్దుకున్నాయి.

"ఉండు, ఇంగా ఉండాది," అంటూ అక్క చివరి అధ్యాయానికి వెళ్ళింది. అక్కడ ఒక వాక్యం మధ్యలో, చూపిన మూలం దొరకలేదని లావుపాటి అక్షరాల్లో పడి ఉంది. "తీసేసిన బొమ్మను ఈడ పిలిచుండావు చూడు."

ఆ వాక్యం నాకు గుర్తే లేదు. నేను చేత్తో అంకె కొట్టి ఉంటే, అది వేరే పంపును చూపించి పరీక్షకుల ముందు నా పరువు తీసేది. వాక్యం కొట్టేశాను. ఆరేళ్ళు చదివిన నాకంటే ఆవిడ నా పుస్తకాన్ని బాగా కాపాడింది.

అక్కడే ప్రింటు తీయించుకుని, ఐదుకు పది నిమిషాలుండగా ఆఫీసులో ఇచ్చాను. రసీదు పట్టుకుని తిన్నగా అంగడికే వచ్చాను.

"అక్కా, మధ్యాహ్నం నోటికొచ్చినట్టు అరిచినాను. మనసులో పెట్టుకోవద్దు."

అక్క రసీదు తీసుకుని దానిమీది తేదీ రెండుసార్లు చదివింది.

"ఇరవై ఏండ్ల కింద నేనూ ఇట్లే నంబర్లు ముందునించి మారిస్తిని. వేరే పిల్లది, ఇట్లాంటి పుస్తకమే. గడువు దాటిపాయ. నువ్వు అరిస్తివి, మేలు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు అమ్మణీ."

రసీదు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. తిరిగి ఇమ్మని అడగబుద్ధి కాక పక్కన కూర్చున్నాను.