నైట్రోజన్ అయిపోయిన రోజు

వేసవి నడిమధ్యాహ్నం. ఏసీలు బాగుచేసే ఒక చిన్న షాపులో, బల్ల వెనుక కూర్చున్న ఒక నడివయసు స్త్రీ, విప్పిపెట్టిన ఫ్యాను రెక్కలను తడిగుడ్డతో తుడుస్తున్నది. భర్త మరణించిన నాటి నుంచి ఆ షాపును ఆమే నడుపుతున్నది గనుక వీధివాళ్లందరికీ ఆమె షాపక్క. ఆమె ఒక్కగానొక్క కుమారుడే అందులో మెకానిక్కు. ఎదుటి గోడమీద భర్త పటం ఉన్నది. ఆయన కూడా ఏసీ మెకానిక్కే. పటం కింద చిన్న చెక్కపలక మీద 'దైవసంకల్పం' అన్న ఒక్క మాట రాసి ఉన్నది. ఆ మాటను రాయించినది ఆమే.

బల్లమీది ఫోను మోగింది. చేతులకు గ్రీజు ఉండడం చేత కుమారుడు మోచేత్తోనే దానిని నొక్కాడు.

"తమ్ముడూ, ఎక్కడిదాకా వచ్చావు?" అవతలినుంచి ఒక బస్సు కండక్టరు గొంతు.

"బయల్దేరానండీ."

"పొద్దున్నుంచీ బయల్దేరుతూనే ఉన్నావు. నా సర్వీసు మొత్తంలో మా డొక్కు బస్సు కూడా ఇంత ఆలస్యం చెయ్యలేదయ్యా! పురుడు పోసుకుని మొన్ననే ఇంటికొచ్చింది మా ఆవిడ. పసిదాని ఒళ్లంతా చెమటకాయలు. ఇంకాసేపు పోతే మా అత్తగారు నన్నే పట్టుకుని ఏసీ బదులు గోడకి బిగించేసేలా ఉంది."

మెకానిక్కు నవ్వాడు. "పోయినేడు కూడా గ్యాస్ పెట్టించుకున్నారు కదండీ. మళ్లీ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ముందు ఆ లీకు పట్టాలి."

"లీకే పడతావో, పిల్లినే పడతావో! ఈ పూట గది చల్లబడాలి."

ఆ యువకుడు చెప్పినది అక్షరాలా నిజం. మనలో చాలామంది ఏటేటా వేసవి రాగానే ఏసీలో గ్యాసు అయిపోయిందని చెప్పి నింపించుకుంటూ ఉంటాము. అయిపోవడానికి అది పొయ్యిలో మండే గ్యాసు కాదు. మూసిన గొట్టాలలో తిరిగి తిరిగి మొదటికే వచ్చే గ్యాసు అది. తగ్గిందంటే ఎక్కడో రంధ్రం పడిందనే అర్థం. ఆ రంధ్రాన్ని కనిపెట్టడానికి గొట్టాలలోకి నైట్రోజన్‌ను ఒత్తిడితో ఎక్కించి, అతుకుల మీద సబ్బునురగ రాసి, బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తారు. నైట్రోజన్ మండదు, మండించదు. అందుకే ఆ పనికి అది తగినది.

అయితే ఆ రోజు షాపులో నైట్రోజన్ లేదు.

"బండి రేపొస్తుందట. రేపే వెళ్దువులే నాన్నా," అన్నది తల్లి.

"ఆయన ఊరుకునే రకమేనా? ఇంకో గంటకి ఇక్కడే వచ్చి కూర్చుంటాడు. ఏదో ఒకటి సర్దుతాలే."

"సర్దడమేంట్రా?"

"అబ్బా, ఏం కాదులేమ్మా!"

స్కూటరు శబ్దం వీధి మలుపులో కలిసిపోయింది. ఆమె మళ్లీ గుడ్డ అందుకున్నది. రెండు రెక్కలు తుడిచింది. మూడవదాన్ని చేతిలోకి తీసుకుంటూ యథాలాపంగా సామాను ఉండే మూలవైపు చూసింది. రాగి గొట్టాలను మంటతో అతికే టార్చి కొక్కేనికి వేలాడుతున్నది. ఆ టార్చికి ఎల్లప్పుడూ తగిలించి ఉండే చిన్న ఆక్సిజన్ సిలిండరు మాత్రం దాని చోట లేదు.

అతుకు వేయడానికే అయితే టార్చిని కూడా తీసుకుపోయేవాడు. టార్చి ఇక్కడే ఉన్నది, ఆక్సిజన్ వెళ్లింది. మంటతో పని లేనివాడికి ఆక్సిజన్ ఎందుకు?

ఫ్యాను రెక్క ఆమె చేతినుంచి జారి నేలమీద ఖంగున మోగింది.

పాఠకులారా, ఆ తల్లి భయమేమిటో మీకు తెలియాలి. నైట్రోజన్ సిలిండరు అయినా ఆక్సిజన్ సిలిండరు అయినా ఒత్తిడిని ఇస్తుంది. కంటికి రెండూ ఒకటే పని చేస్తున్నట్లు కనబడతాయి. కానీ ఏసీలో గ్యాసును తిప్పే కంప్రెసరు లోపల నూనె ఉంటుంది. ఒత్తిడితో దూసుకువచ్చిన ఆక్సిజన్ ఆ నూనెకు తగిలితే నిప్పు పెట్టే చేయి అక్కరలేదు. ఆ ఇనుప డొల్ల బాంబు వలె పగులుతుంది. ఆమె భర్త మరణించినది సరిగ్గా అలాగే. ఒకనాడు నైట్రోజన్ అందుబాటులో లేక, ఇంటివాళ్లు తొందరపెట్టగా, ఆయన ఆక్సిజన్ ఎక్కించాడు. వెంట ఉన్న తోటి పనివాడు మేడ దిగి కిందికి వెళ్లి ఉండడం చేత బతికి, జరిగినది ఆమెకు చెప్పాడు. "ఎవరికీ చెప్పకన్నయ్యా. పని తెలియక చచ్చిపోయాడంటే ఆయన పరువేం కావాలి? ఈ షాపు గడప ఎవరు తొక్కుతారు?" అని ఆమె అతని చేతులు పట్టుకుని వేడుకున్నది. అప్పటికి కుమారుడు చంకలోని బిడ్డ. వాడు పెరిగి అడిగినప్పుడు "కంప్రెసర్ పేలింది నాయనా, అంతా దైవసంకల్పం" అన్నది. వాడూ నమ్మాడు.

కారణం చెప్పలేదే గాని ఆమె జాగ్రత్త పడకపోలేదు. షాపులో నైట్రోజన్ ఏనాడూ నిండుకోనిచ్చేది కాదు. అది ఉన్నంతకాలం వాడికి మరొక ఆలోచన రాదన్నదే ఆమె ధైర్యం. చెప్పవలసిన నిజానికి బదులుగా ఆమె ఒక సిలిండరును కాపలా పెట్టింది. ఈ రోజు ఆ కాపలా ఖాళీ అయింది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. తలుపు కూడా వేయకుండా రోడ్డుమీదకు పరుగెత్తి, ఎదురుగా వచ్చిన ఆటోకు అడ్డం నిలబడింది.

"ఏంటమ్మా, చావాలనుందా?" అని కసిరాడు ఆటో మనిషి.

"పోనీ బాబూ, పోనీ. నా కొడుకు…" అంటూ ఎక్కి, షాపు పుస్తకంలో రాసుకున్న కండక్టరు చిరునామా చెప్పింది. ఆమె ముఖం చూసి అతడు బండి తిప్పాడు.

కూడలిలో ఎర్రదీపం పడింది. ఆగిన వాహనాల నడుమ, ఎండలో, ఆమె తన ఇష్టదైవాన్ని పిలవబోయింది. ఆగిపోయింది. ఇన్నేళ్లుగా తన తప్పును మోయించినది ఆ స్వామి నెత్తిమీదనే కదా! ఇప్పుడు ఏ ముఖంతో పిలవడం? ఎక్కడో దూరంగా ఒక లారీ టైరు పేలింది. ఆమె రెండు చెవులూ మూసుకుని ముందుకు ఒరిగిపోయింది. "అది టైరమ్మా, టైరు!" అన్నాడు ఆటో మనిషి. ఆమెకు వినబడలేదు.

అక్కడ, కండక్టరు ఇంట్లో, ఏసీ బయటి పెట్టె పడకగది కిటికీ అవతలి సన్నని వసారాలో ఉన్నది. గదిలో గాలి ఆడడం లేదని అమ్మమ్మ ఉయ్యాలను జరిపి సరిగ్గా ఆ కిటికీ కిందనే ఉంచింది. పసిపాప నిద్రలో పెదవులు కదుపుతున్నది. బాలింతరాలు మంచంమీద విసనకర్రతో విసురుకుంటున్నది. మెకానిక్కు, పెట్టెలో మిగిలి ఉన్న కాస్త గ్యాసును వేరే సిలిండరులోకి లాగి భద్రపరిచాడు. ఆ పని చక్కగానే చేశాడు. ఆపైన ఆక్సిజన్ గొట్టాన్ని తెచ్చి ఏసీ మూతికి బిగించాడు. కండక్టరు సబ్బునురగ గిన్నె పట్టుకుని పక్కన చతికిలబడ్డాడు.

"మా అల్లుడు ఇంత బుద్ధిగా గిన్నె పట్టుకోవడం ఇదే మొదలు నాయనా. వంటింట్లో ఎప్పుడూ చూళ్లేదు," అన్నది అమ్మమ్మ కిటికీలోంచి.

"పిల్లని కాస్త లోపలికి జరపాలా బాబూ?" అని అడిగింది బాలింతరాలు.

"ఏం కాదులే!" అన్నది అమ్మమ్మ.

"ఏం కాదులేండి," అన్నాడు మెకానిక్కు.

అతడు సిలిండరు తల మీది వాల్వు తిప్పాడు. సుయ్యిమన్నది. ఒత్తిడి చూపే ముల్లు లేచి నిలబడింది. ఇక రెగ్యులేటరు మర తిప్పడమే మిగిలింది. ఆ మర తిరిగితే ఆక్సిజన్ ఏసీలోకి పోతుంది. అతడు చెమట తుడుచుకుని మరమీద చేయి వేశాడు.

వీధి తలుపు దడాలున తెరుచుకున్నది. చెప్పులు లేవు, పైట జారి ఉన్నది, ఊపిరి అందడం లేదు. ఎవరో తెలియని స్త్రీ గదిలోకి వచ్చి, ఉయ్యాలలోని పాపను రెండు చేతులా ఎత్తి అమ్మమ్మ ఒడిలో కుక్కింది.

"ఎవరమ్మా నువ్వు? పిల్లని…"

"బయటికి పొండి! అమ్మాయిని కూడా తీసుకుని వీధిలోకి పొండి!" ఆ గొంతులో ఏమున్నదో గాని, నోటికి పెట్టింది పేరైన అమ్మమ్మ మారుమాట లేకుండా కూతురి చేయి పట్టుకుని కదిలింది.

షాపక్క కిటికీ ఊచలు పట్టుకున్నది. కేక వేస్తే వాడి చేయి ఉలికిపడి మర తిరుగుతుందేమోనన్న భయంతో, ఊపిరి బిగబట్టి, మెల్లగా, పసివాణ్ణి పిలిచినట్లు పిలిచింది.

"నాన్నా. చెయ్యి వెనక్కి తియ్యి."

"అమ్మా? నువ్వేంటి ఇక్కడ?"

"చెయ్యి తియ్యరా."

"అయ్యో, దీనికా ఇంత దూరం పరిగెత్తుకొచ్చావు? ఏం కాదులేమ్మా. ఆక్సిజనేగా, మనం రోజూ పీల్చేదే."

"మీ నాన్నా ఇదే మాట అన్నాడు."

అతని చేయి మరమీదనే ఆగిపోయింది.

"మీ నాన్న ఇదే పని చేశాడు. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ ఎక్కించాడు. లోపల నూనె అంటుకుంది. అందుకే పోయాడు. విధీ కాదు, దేవుడూ కాదు. నాకు మొదట్నుంచీ తెలుసు."

అతడు ఒక్కొక్క వేలునే విప్పి మరను వదిలాడు. తరువాత, తల్లి చెప్పినట్లుగా, సిలిండరు తల మీది వాల్వును మూసి, గొట్టాన్ని ఏసీ నుంచి విప్పాక మర తిప్పాడు. గొట్టంలో మిగిలినది సన్నగా బుసకొట్టి ఆగింది. ముల్లు పడిపోయింది. కండక్టరు చేతిలో గిన్నె ఒరిగి నురగ అతని మోకాళ్లమీద పడింది. అతడు తుడుచుకోలేదు.

మెకానిక్కు కళ్లు ఖాళీ ఉయ్యాల మీద నిలిచాయి.

"రోజూ ఈ సామానుతోనే కదమ్మా నేను బతికేది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఆయన పేరు పోతుందనుకున్నాను నాన్నా. నువ్వు పోతావనుకోలేదు."

అతడు ఆమెను ఓదార్చలేదు. గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆమె కిటికీకి ఇవతల, అతడు అవతల. వీధిలో పసిపాప ఏడ్పు వినబడింది.

మర్నాడు నైట్రోజన్ వచ్చింది. కండక్టరు తానే పాపను, భార్యను, అత్తగారిని పక్కింటికి పంపి, కిటికీలన్నీ తెరిచి, పొయ్యి ఆర్పి, "ఈసారి నెమ్మదిగా కానీ తమ్ముడూ, నేను బస్సు కాదు, గూడ్సు బండిననుకో," అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు. గోడ దగ్గర, గొట్టానికి చుట్టిన పట్టీ కింద, ఒక నట్టు మీద ఆవగింజంత బుడగ లేచింది. మెకానిక్కు ఒత్తిడి వదిలి ఆ అతుకును మళ్లీ చేశాడు. మరొకమారు నైట్రోజన్ ఎక్కించి, ముల్లు కదలలేదని నిశ్చయించుకున్నాడు. తరువాత పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను పూర్తిగా లాగి, పెట్టెమీద రాసి ఉన్న రకం గ్యాసునే, రాసి ఉన్నంతే, తూకం వేసి పెట్టాడు. గది చల్లబడింది.

అమ్మమ్మ ఉయ్యాలను మాత్రం మళ్లీ ఆ కిటికీ కిందకు జరపలేదు. "ఏం కాదులే అన్నది నేనే కదమ్మా," అని వెళ్లబోతున్న షాపక్క చేయి పట్టుకుని, వదలకుండా చాలాసేపు నిలబడింది.

ఆ వారంలోనే షాపక్క ఆ చుట్టుపక్కల మెకానిక్కులందరినీ తన షాపుకు పిలిచింది. ఆనాడు మాట దాచిన తోటి పనివాడు కూడా, ముదుసలియై, వచ్చి కూర్చున్నాడు. ఆమె భర్త చేసిన పొరపాటును ఆద్యంతం చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆయన పనిని తక్కువచేసి మాట్లాడలేదు. ఒక నడివయసు మెకానిక్కు మాత్రం తల వంచుకుని, "నేను రెండుసార్లు అలా చేశానక్కా," అన్నాడు.

నేడు ఆ పటం కింద పాత పలక లేదు. కొత్త పలకమీద ఆమె కుమారుడు తన చేత్తో ఇలా రాశాడు: 'మా నాన్నగారు నైట్రోజన్ లేదని ఆక్సిజన్ ఎక్కించి చనిపోయారు. మీరు ఆ పని చేయకండి.' షాపు గడప తొక్కేవారు తగ్గలేదు. ఆ మాట చదివినవారు ఒక క్షణం నిలబడి మరీ లోపలికి వస్తున్నారు.

పరమేశ్వరుడు మనిషికి బుద్ధినిచ్చినది దానిని వాడుకొమ్మని. మన అజాగ్రత్త చేసిన పనిని ఆయన సంకల్పమని గోడకెక్కించడం భక్తి కాదు, అపచారం. మన ఇంట ఎవరైనా ప్రమాదంలో పోయినప్పుడు మన కన్నీటితోపాటు ఆ కారణాన్ని కూడా పదిమందితో పంచుకుందాము. పోయినవారి పరువు కోసం దాచిన కారణం ఉన్నవారి ప్రాణం తీస్తుంది.