ఏడెన్ రుమాళ్ల కప్పు

ధర్మయ్య ఇంట్లో నూలుకు జరిగే మర్యాద మనుషులకు జరగదు. నూలును పక్షం రోజులు పూటపూటా నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో పిసుకుతారు. అతని భార్య ఆండాళు తలకు మాత్రం పండుగకే నూనె. ఆ నూలుతో నేసిన తేలియా రుమాళ్లు ఓడెక్కి ఏడెన్ పోయి అక్కడి అరబ్బుల తలలు చల్లగా ఉంచుతాయి. నేసేవాళ్ల తలల మీద ఉన్నది చిల్లుల పెంకుటి కప్పు. వానొస్తే మగ్గం గుంతలో నీళ్లు నిలుస్తాయి. ధర్మయ్య మోకాళ్లదాకా తడిసి నేస్తాడు.

అరవై రెండులో ఎగుమతి బాగా పెరిగింది. సర్కారుకు దయ కలిగింది. నేతగాళ్ల ఇళ్లు చూసి కొత్త పెంకులు మంజూరు చేసేందుకు పట్నం నుంచి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. వెంట రుమాళ్లు కొని ఓడెక్కించే బొంబాయి సేటు.

ఆండాళు సంతోషించింది. ధర్మయ్యకు సిగ్గేసింది.

“సేటు గీ బొక్కలు జూస్తే ఏమనుకుంటడే? నా నేత గూడ గిట్లనే ఉంటదనుకోడా?”

“బొక్కలు జూడనీకేనయ్యా వాళ్లొచ్చేది. నువ్వేందో పిల్లను జూడనీకొస్తున్నట్టు జేస్తున్నవు.”

ధర్మయ్య వినలేదు. గోడలకు సున్నం కొట్టాడు. పంపడానికి సిద్ధంగా ఉన్న రుమాళ్లన్నీ వాసాల కింద పందిరిలా కట్టాడు. ఒక్క చిల్లు కనబడితే ఒట్టు.

ఆఫీసరు వచ్చి పైకి చూశాడు. “బ్రహ్మాండంగా ఉందండీ. మా బంగళాకి కూడా ఇంత అందమైన కప్పు లేదు.”

సేటు ముక్కు మూసుకుని నూనె వాసనను మెచ్చుకున్నాడు. ఆండాళు నోరు తెరవబోతే ధర్మయ్య దగ్గాడు.

వారానికి కాగితం వచ్చింది. ఎగుమతుల వల్ల ఈ కుటుంబం సుఖంగా ఉన్నదట, ఇంటి కప్పు మేలైనదట, పెంకులు అవసరం లేదట.

మర్నాడే వాన. గుంత నిండి మగ్గం ఆగింది. ఆండాళు మూట కట్టిన రుమాళ్లు విప్పి మళ్లీ వాసాలకు కట్టింది. మసి, మట్టి, వాననీళ్లు కలిసి వాటిమీద కొత్త పూలు వేశాయి.

ఓడకు సరుకు సిద్ధమైందో లేదో చూడవచ్చిన ఆ ఆఫీసరు గుమ్మంలోనే ఆగిపోయాడు. “ఇదేమిటమ్మా, ఓడ బయల్దేరే వేళకి సరుకంతా పాడుచేశారు?”

ఆండాళు కాగితం ఆయన చేతికిచ్చింది. “కప్పు మంచిగున్నదని రాసింది మీరే గద సారూ. మీరు జూసిన కప్పు గిదే. తీస్తే మీ రాత అబద్ధమైతదని ఉంచినం.”

ఒక నల్లటి చుక్క ఆయన నెత్తిమీద పడింది.

“జర గిటు జరుగుండ్రి. గది మేం తడిసే జాగా.”

పది రోజుల్లో పెంకులు దిగాయి. వెంట వచ్చిన కాగితంలో కారణం కూడా రాశారు: రుమాళ్లు తడవకుండుటకు.