పదకొండు సెకన్ల మాట

సుంకులమ్మను చంపింది ఆమె తమ్ముడు మద్దిలేటి. అక్కకు గుండెల్లో నొప్పి అని చెబితే ఫోన్లో విన్నాడు, ఆటో తీసుకొని రాలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదని ఆమె మొగుడు ఈరప్ప ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

మద్దిలేటి మాత్రం తనకు ఫోనే రాలేదన్నాడు. దినాల నాడు పదిమంది ముందర తన ఫోన్ తీసి చూపించాడు. "మా యక్క కోసం రాకుండా పోతానా బావా? నువ్వు ఒక్క మాట చెప్పింటే పరిగెత్తుకొని వచ్చేటోణ్ణి కదా!" అని నేల మీద కూలబడి ఏడ్చాడు. ఊరు ఆ ఏడుపును నమ్మింది. ఈరప్ప నమ్మలేదు. ఏడవడం ఎవరికైనా వస్తుంది.

అతని దగ్గర రెండు రుజువులున్నాయి. అవతలి వాళ్లు ఎత్తకపోతే పైసా పోదు. పైసా పోకపోతే మాట అయిపోయాక ఆ మెసేజ్ రాదు. ఎన్ని సెకన్లు మాట్లాడావు, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని చెప్పే మెసేజ్. ఆ మధ్యాహ్నం అది వచ్చింది. ఈరప్ప ఐదో తరగతి దాటలేదు, ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. పదకొండు సెకన్లు. అంటే ఎవడో ఎత్తాడు. ఎవడో ఏంటి, మద్దిలేటే.

ఆ మెసేజ్ మీట నొక్కగానే మాయమైపోయింది. ఆ చిన్న ఫోను చివరి ఇరవై నంబర్లే దాచుకుంటుంది. చావు కబురు చెప్పడానికే ఈరప్ప ముప్పై మందికి చేశాడు. చూపించడానికి ఇంకేమీ మిగల్లేదు.

రెండో రుజువు, ఆ తర్వాత కాసేపటికి వచ్చిన రింగు. రమ్మని కబురు అందినవాడు తిరిగి ఒక రింగు ఇస్తే బయల్దేరాడని అర్థం. నాపరాళ్ల గనిలో పనిచేసే వాళ్లందరిదీ అదే పద్ధతి. దాన్ని ఎత్తకూడదు, ఎత్తితే అతనికి డబ్బు పోతుంది. ఈరప్ప ఎత్తలేదు, నంబరు కూడా చూడలేదు. రెండోసారీ మోగింది. అప్పుడూ ఎత్తలేదు. పెళ్లాం తలను తొడ మీదికి తీసుకొని, "మీ తమ్ముడు బయల్దేరినాడు, ఓర్చుకో" అన్నాడు.

పక్కింటి ఏసుమణి గడపలో నిలబడి 108కి చేస్తానంది.

"వద్దు తల్లీ. ఆటో వస్తాండాది. ఆ బండి వచ్చేలోపల మేము బేతంచెర్ల ఆసుపత్రిలో ఉంటాం."

అరగంట అయ్యింది. గంట అయ్యింది. చివరికి ఏసుమణి అతన్ని అడక్కుండానే చేసింది. బండిలో వచ్చిన వాళ్లు సుంకులమ్మ చెయ్యి పట్టుకొని చూసి, మెల్లగా కింద పెట్టారు.

మూడు నెలలయ్యింది. ఈరప్పకు మిగిలింది కూతురు సుప్రజ ఒక్కతే. కర్నూల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సెలవు దొరికితే మేనమామ ఇంటికి పోతోందని తెలిసి, ఈరప్ప ఆమెను నిలదీశాడు. నేను కావాలో వాడు కావాలో తేల్చుకో అన్నాడు.

"ఇద్దరూ కావాల" అంది సుప్రజ. "కంపెనీ వాళ్ల కాడ నువ్వు చేసిన ఫోన్ల పట్టీ ఉంటాది నాయనా. తీయిద్దాం. మామ మాట్లాడింటే ఇంగ వాళ్ల గడప తొక్కను. మాట్లాడకపోయింటే నువ్వే ఆయన ఇంటికి పోవాల."

"పోతా. కాళ్లు పట్టుకుంటా. చాలునా?"

ఆ మాట అంటూ నవ్వాడు. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు.

పట్టీ అంత సులభంగా రాలేదు. సిమ్ము సుంకులమ్మ పేరున ఉంది. ఎవరి పేరున ఉంటే వాళ్లే రావాలని కర్నూలు ఆఫీసులో మొదటిసారి చెప్పారు. "ఆయమ్మను తీసుకురావాలంటే ముందు నేను పోవాల" అన్నాడు ఈరప్ప. కౌంటర్లో పిల్లవాడికి అర్థం కాలేదు. రెండోసారి మరణ పత్రం తెచ్చాడు, ఆధార్ జిరాక్సు లేదన్నారు. ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. మూడోసారి కౌంటర్లో షాహనా అనే అమ్మాయి ఉంది. కాగితాలు చూసి, అతని ముఖం చూసి, కూర్చోమని కుర్చీ చూపించింది. కాసేపటికి పట్టీ తీసి సుప్రజ చేతికిచ్చింది.

"గట్టిగా చదువు పాపా. అందరూ వినాల" అన్నాడు ఈరప్ప.

సుప్రజ తేదీ చదివింది. మధ్యాహ్నం రెండూ నలభై. పదకొండు సెకన్లు.

"చూసినావా! నంబరు చదువు."

సుప్రజ నంబరు చదవడం మొదలుపెట్టింది. చివరి రెండు అంకెల మీద వేలు పెట్టి మళ్లీ చూసుకుంది.

"నాలుగు ఆరు అనుండాది నాయనా. మామది ఆరు నాలుగు."

"కాగితం తప్పు. నంబర్లన్నీ నా తలకాయలో ఉంటాయి. ఇరవై ఏండ్లుగా చూడకుండా కొడతాండా."

"కంప్యూటర్లో తప్పు రాదు పెద్దాయనా" అంది షాహనా, ఎంతో నెమ్మదిగా.

సుప్రజ తన ఫోన్ తీసి ఆ నంబరుకే చేసింది. స్పీకరు పెట్టింది. అవతల ఒక పెద్దావిడ ఎత్తింది. మూడు నెలల కింద గుండెనొప్పని ఎవరైనా ఫోన్ చేశారా అని సుప్రజ అడిగింది.

"ఓయమ్మ! మీరేనా? నేను పీరమ్మను, జమ్మలమడుగు. మద్దిలేటీ, మీ యక్కకు గుండెల్లో నొప్పి, ఆటో తీసుకోని బిరీన రా అన్యాడు, ఠక్కున కోసేసినాడు. నేను మద్దిలేటిని కాదు నాయనా అని అరుస్తానే ఉన్యా. యాడ వింటాడు? మళ్లా చేస్తి. ఎత్తల్యా. ఇంగోసారి చేస్తి. ఎత్తల్యా. ఏ ఊరో తెలిసింటే ఏదన్నా చేసుందుము. ఆ పొద్దు నాకు కూడు దిగల్యా. ఆయమ్మ బాగుండాదా ఇప్పుడు?"

"అమ్మా, వినబడతాండాదా?" అని పీరమ్మ మళ్లీ అడిగింది. ఈరప్ప చెయ్యి చాచి కూతురి ఫోను కట్ చేశాడు.

అతను ఎప్పుడూ అంతే. చెప్పాల్సింది ఒక్క ఊపిరిలో చెప్పి కోసేస్తాడు. జవాబు వినడానికి పైసలు పెట్టడం దండగ అంటాడు. సుంకులమ్మకూ అదే నేర్పాడు. ఇంకో రెండు సెకన్లు ఫోన్ చెవి దగ్గర ఉంచి ఉంటే ఆడగొంతు వినపడేది. ఆ రింగుల్లో ఒక్కటి ఎత్తి ఉన్నా చాలు. ఏసుమణిని చెయ్యనిచ్చి ఉన్నా చాలు. లెక్క ఎటు తిప్పినా అతని దగ్గరికే వచ్చి ఆగింది. మద్దిలేటి పేరు అందులో ఎక్కడా లేదు. షాహనా నీళ్లు తెచ్చింది. తాగలేదు.

సాయంత్రం బేతంచెర్ల పోయే బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పట్టీని ఈరప్ప ముక్కలు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలాడు.

"చింపితే ఏమైతాది? నేను విన్యా కదా" అంది సుప్రజ.

మద్దిలేటి ఊరు వాళ్ల ఊరికంటే ముందే వస్తుంది. బస్సు ఆగింది. సుప్రజ లేచింది. ఈరప్ప లేవలేదు.

"నాయనా, పోతానంటివి."

"అంటి. కాళ్లు రావడం ల్యా."

కండక్టరు దిగేవాళ్లు దిగండని అరిచాడు. సుప్రజ దిగి, కిటికీ కింద నిలబడింది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి, కోపం కూడా ఉంది.

"మామకు ఏం చెప్పాల?"

"ఉన్నది చెప్పు. తప్పు నంబరు కొట్టింది మీ నాయన. రింగు ఎత్తకుండా కూచునింది మీ నాయన. 108 వద్దన్యది మీ నాయన. వాడి ఇంటికి నువ్వు పో, ఉండు, నేనేమనను." ఈరప్ప కిటికీ కడ్డీని పట్టుకున్నాడు. బస్సు కదిలింది. "నన్ను మాత్రం ఎవురూ అడగొద్దు పాపా. వాడూ అడగొద్దు, నువ్వూ అడగొద్దు. ఈ పొద్దుతో అయిపోయింది. సచ్చేదాకా ఇంగ ఆ పొద్దు మాట నా నోట రాదు."